ఒక్కపొద్దు నాడు చేసిన మఫిన్లు

మా కోడలు పొద్దుగాల ఏం తినకపోయేది. ఇడ్లి పెడితె ఒక ముక్క తుంపి పళ్లెంల అటు ఇటు జరిపేది. ఉప్మా పెడితె వాసనొస్తుంది అత్తయ్యా అనేది. మూడో నెల నడుస్తుండె. అందరికి గట్లనే ఉంటది, నాకు గూడ గట్లనే ఉండె అని నేను పట్టించుకోలె. కని దవాఖానకు పోతె డాక్టరమ్మ కోపం చేసింది. రక్తం తక్కువున్నది, బరువు పెరుగుతలేదు, పొద్దున నాష్టా కడుపునిండ తినాలె అన్నది. ఆ మాట ఇన్నంక మా వియ్యపురాలు వచ్చి, కొన్ని దినాలు మా దగ్గర ఉంచుకుంటాం వదినగారూ అని బిడ్డను దిల్‌సుఖ్‌నగర్ తోల్కపోయింది. పెండ్లాం ఎంబడి మా పిలగాడు గూడ బట్టలు సదురుకోని పోయిండు.

మాది ఎల్బీనగర్. మేం ఇక్కడ దగ్గర ఊరోళ్లమే, మా ఇంటాయన బస్సు డ్రైవరు. వియ్యంకులు గుంటూరు దిక్కు నుంచి వచ్చి ఎప్పటి సందో దిల్‌సుఖ్‌నగర్ల ఉంటున్నరు. మా వియ్యపురాలు టీచరు చేసి రిటైరయింది. పిల్లలిద్దరు ఇష్టపడి చేసుకున్నరు. మాకు వాళ్లకు మధ్యల మెట్రో ఎక్కితె మూడు స్టేషన్లే. కని కొడుకు కోడలు పోయినంక ఆ మూడు స్టేషన్లు నాకు శాన దూరం అనిపించినయి.

మా కింది పోర్షన్ల ఉండే ఆమె నీళ్లు పట్టుకుంట ఒకనాడు అడిగింది.

"ఏందక్కా, పైన సప్పుడే లేదు. కొడుకును ఇల్లరికం పంపినవా ఏంది?"

"ఏ, లేదు. కోడలికి జర బాగలేకుంటె తల్లి తోల్కపోయింది."

"కోడలికి బాగలేకుంటె కోడలు పోవాలె. కొడుకు ఎందుకు పోయిండు మరి?"

ఆమె నవ్వింది, నేను గూడ నవ్విన. బిందె ఎత్తుకోని పైకొచ్చినంక కుర్చీల కూసున్న. ఇద్దరు మల్ల ఇంటికొస్తరా రారా అని నాకు గుబులు పట్టింది. నా ఇంట్ల బుక్కెడు తినలేని పిల్ల తల్లి ఇంట్ల మంచిగ తింటె, ఇగ ఎందుకొస్తది? గదే సోంచాయించుకుంట ఉన్న.

ఒకనాడు ఫోన్ల మాట్లాడుతుంటె కోడలే అన్నది. "అత్తయ్యా, నాకు మఫిన్ తినాలనుందండీ. ఆఫీసు కింద షాపులో తినేదాన్ని. కానీ అదంతా మైదా, పంచదార. డాక్టరు వద్దంటారు."

"మఫిన్ అంటె ఏంది బిడ్డా?"

"చిన్న కేకు లాంటిదండీ. కప్పులో చేస్తారు."

నాకు పాణం లేచొచ్చినట్టయింది. తినాలనుంది అని ఆ పిల్ల నోట్లకెల్లి వచ్చిన మొదటి మాట గది. నేనే చేస్త, మైదా లేకుంట చేస్త, నాష్టకు అందేటట్టు తెస్త అనుకున్న. ఆమెకు మాత్రం చెప్పలె.

ఫోన్ల ఇడియో చూసిన. ఒకామె గోధుమపిండి, రాగిపిండి, బెల్లం, మగ్గిన అరటిపండ్లు, పెరుగు ఏసి చేసింది. ఓవెన్ లేకున్నా కుక్కర్ల చేయొచ్చని చూపెట్టింది. కుక్కర్ల అడుగుకు ఉప్పు పోసి, మూతకు రబ్బరు తీసి, సీటి తీసి, ఖాళీ కుక్కర్నే మంట మీద ముందుగాల వేడి చేయాలంట. అన్ని ఇంట్ల ఉన్నయే. ఆమె మాటలు జల్ది జల్ది చెప్తది, అందుకే ఆపుకుంట ఆపుకుంట మస్తు సార్లు చూసిన. అన్నిట్ల ఒక్కటే నాకు సమజ్ గాలె. బేకింగ్ పౌడర్ అన్నది. దుకాణంల పోయి అడుగుదామంటె ఆ పేరు నోటికి తిరగలె. అక్కడ గల్లపెట్టె కాడ కాలేజి పోరగాండ్లు నిలవడ్డరు. వాళ్ల ముంగట తప్పు పలికితె నవ్వుతరని, అరకిలో బెల్లం తీసుకోని ఊకెనే వచ్చిన. ఇంట్ల మిర్చిబజ్జీలకు ఏసే తినేసోడ ఉండనే ఉన్నది. తెల్లగున్నది, మెత్తగున్నది, ఏస్తె పిండి ఉబ్బుతది. గదే ఇది, పట్నం పేరు పెట్టిన్రు అంతే అనుకున్న. పేరు అడగనీకి సిగ్గుపడితె దాని ఎనుక ఎంత సిగ్గు వస్తదో నాకు అప్పుడు తెల్వదు.

శనివారం పొద్దుగాల్నే లేచి తానం చేసి పొయ్యి కాడికి వచ్చిన. శనివారం నాకు ఒక్కపొద్దు. పొద్దుమీకి దేవుని ముంగట దీపం పెట్టేదాంక నోట్ల ఏం ఏసుకోను, చాయ్ గూడ తాగను. మామూలు దినాలల్ల గూడ వండేటప్పుడు రుచి చూసే అలవాటు మాకు లేదు. మా అమ్మ చూడలె, మా అత్త చూడలె. చెంచ నోట్ల పెడితె ఎంగిలి అంటరు. పప్పుల ఉప్పు సరిపోయిందా లేదా అనేది నేను పొగ వాసన చూసి చెప్త. పెండ్లైన కాడి నుంచి గట్లనే వండుతున్న, ఎన్నడు తప్పు పోలె. ఇది గూడ గట్లనే వస్తదనుకున్న.

అరటిపండ్లు కొత్తపేట రైతు బజార్ల తెచ్చి పెట్టిన, మచ్చలు పడి మంచిగ మగ్గినయి. చేతితోని పిసికిన. బెల్లం కరగబెట్టి వడకట్టిన. పిండ్లు జల్లెడ పట్టిన. ఆ ఇడియో ఆమె చిటికెనేలంత చిన్న చెంచతోని బేకింగ్ పౌడర్ ఏసింది. నా దగ్గర కూరల ఏసే చెంచ ఉన్నది. దానితోనే సోడ ఏసిన. ఏసినంక, రాగిపిండి బరువుంటది గదా, ఉబ్బుతదో ఉబ్బదో అని ఇంకింత ఏసిన. ఇలాచి దంచి ఏసిన. చాయ్ తాగే చిన్న స్టీలు గిలాసలకు నూనె రాసి సగం దాంక పోసి కుక్కర్ల పెట్టిన.

ఇల్లంత వాసన నిండిపోయింది. మూత తీసి చూస్తె ఒక్కొక్కటి గిలాస మీదికెల్లి తల లేపి, పగిలి, ఎర్రగ, నిగనిగ మెరుస్తున్నయి. ఇడియో ఆమెవి గూడ అంత రంగు రాలె. పుల్ల గుచ్చి చూసిన, సాఫ్‌గ వచ్చింది. నా మొఖం నేను చూసుకోలె కని వెలిగిపోయే ఉంటది. మా ఇంటాయన అప్పటికే డ్యూటీకి పోయిండు. ఆయనకు రెండు తీసి గిన్నె మూసి పెట్టిన. మిగిలినయి డబ్బల సదురుకోని మెట్రో ఎక్కిన.

డబ్బ ఒళ్లె పెట్టుకోని కూసున్న. పక్కన కూసున్నామె అడిగింది, "ఏం చేసిన్రు అక్కా, కమ్మటి వాసనొస్తుంది?"

"మఫిన్లు" అన్న. ఆ పేరు మాత్రం ఇప్పుడు మంచిగ పలికిన. "మా కోడలికి. కడుపుతోని ఉన్నది."

"అదృష్టమంతురాలు" అన్నదామె.

వియ్యపురాలి ఇల్లు కోచింగ్ సెంటర్ల ఎనుక సందుల మూడో అంతస్తు. పిల్లలు సంచులు ఏసుకోని ఎదురొస్తుంటె వాళ్ల మధ్యలకెల్లి పోయిన. తలుపు తీయంగనే వియ్యపురాలు, "అయ్యో వదినగారూ, ఫోన్ చేస్తే అల్లుడుగారిని స్టేషన్‌కి పంపేవాళ్ళం కదా, రండి రండి" అన్నది. మా పిలగాడు అప్పటికే డ్యూటీకి పోయిండు, పంపనీకి ఎవరు లేరు. అయినా మర్యాదకు అన్నది. కోడలు టేబుల్ కాడ కూసున్నది. ముంగట పెసరట్టు, ముట్టుకోలె. కండ్ల కింద నల్లగయింది. ఇక్కడ గూడ తింటలేదా అని నాకు బాధయింది. లోపల జర సంతోషం గూడ అయింది. ఆ సంతోషం అయినందుకు ఇప్పుడు తల ఎత్తలేకపోతున్న.

డబ్బ మూత తీసి ఒకటి పళ్లెంల పెట్టిన. "నువ్వు అడిగినవ్ గదా బిడ్డా. మైదా లేదు, చక్కెర లేదు."

కోడలు కండ్లు పెద్దగ చేసి చూసింది. "మీరే చేశారా అత్తయ్యా?"

"మరి ఎవరు చేస్తరు? తిను."

నేను టేబుల్ పక్కన నిలవడ్డ. పిల్ల కొరికింది. నమిలింది. ఒక్క నిమిషం ఆగింది. మల్ల కొరికింది. మధ్యల నీళ్లు తాగుకుంట తాగుకుంట మొత్తం తిన్నది. పళ్లెంల పొడి గూడ మిగలలె. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

"ఎట్లున్నది?"

"బాగుందండీ అత్తయ్యా."

వియ్యపురాలు గూడ ఒకటి తీసుకోని సగం తిని, "రంగు భలే వచ్చిందండీ" అని లేచి పోయి చెంబుతోని నీళ్లు తెచ్చుకున్నది.

అప్పుడన్నా నేను నోరు మూసుకోని ఉంటె అయిపోయేది. మూసుకోలె.

"చూసిన్రా వదినా, ఏం తింటలేదు ఏం తింటలేదు అని తోల్కొచ్చిన్రు. మనసు పెట్టి చేస్తె ఎందుకు తినది? మీరేమొ పొద్దుగాల్నే అల్లం పచ్చడి, కారప్పొడి పెడ్తరు, కడుపుతోని ఉన్న పిల్లకు అది ఎట్ల సైస్తది? మా ఇంట్ల ఉంటె ఈపాటికి మంచిగ అయ్యేది."

వియ్యపురాలు నవ్వు మొఖంతోనే ఉన్నది. "అవునండీ, మీ చేతి వంట మీదే" అన్నది. కోడలు తల్లి దిక్కు చూసి తల దించుకున్నది.

"మీరు తినలేదా అత్తయ్యా?" అన్నది తల ఎత్తకుంటనే.

"నాకు ఒక్కపొద్దు గదా బిడ్డా."

తల్లి, బిడ్డ ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. నా భక్తికి మెచ్చుకుంటున్నరేమో అనుకున్న. గంత గర్వం ఎక్కి ఉన్నది నాకు. రేపు మాపు మంచి దినం చూసి పిల్లను తోల్కపోత వదినా అని గూడ అనేసి వచ్చిన.

పొద్దుమీకి మా ఇంటాయన డ్యూటీ దిగి వచ్చిండు. చాయ్ పెట్టి రెండు మఫిన్లు పళ్లెంల పెట్టి ఇచ్చిన. కోడలు ఎట్ల తిన్నదో చెప్పుకుంట దీపం కాడ ఒత్తి ఏస్తున్న.

"ఏందే ఇది?" అన్నడు.

"మఫిన్. కోడలికి గూడ గవే తీస్కపోయిన."

"సబ్బుబిళ్ల లెక్క గొడుతుంది. బట్టలు ఉతకనీకి చేసినవా?"

"నీకు మంచి వస్తువు తెల్వదు. మొత్తం తిన్నది పిల్ల, పొడి గూడ ఇడ్వలె."

"తిన్నదా? ఇది?" అని ఆయన నా దిక్కు చూసిండు. నవ్వులాటకు అన్నట్టు లేదు. చాయ్ తోని నోరు పుక్కిలించి మోరిల ఉమ్మి వచ్చిండు.

దీపం పెట్టిన, దండం పెట్టుకున్న. ఆ దినమంత ఎండిన నోట్లె మొదటి ముక్క గదే ఏసుకున్న. నాలిక మీద పెట్టంగనే చేదు, ఉప్పగ, చౌడు మట్టి నాకినట్టు. బెల్లం తీపి ఎక్కడ్నో అడుగుల ఉన్నది. మింగనీకి గాలె. ఉమ్మనీకి మనసు రాలె, ఒక్కపొద్దు ఇడిచిన బుక్క అది. నోట్లె పెట్టుకోని దేవుని ముంగటనే నిలవడ్డ. పిల్ల నీళ్లు తాగుకుంట తాగుకుంట తిన్నది కండ్ల ముంగట తిరిగింది. వియ్యపురాలు చెంబు తెచ్చుకున్నది యాదికొచ్చింది. ఆ నీళ్లు మింగుకుంటనే ఆమె నా మాటలు గూడ మింగింది. అల్లం పచ్చడి అన్న, కారప్పొడి అన్న.

మా పిలగానికి ఫోన్ కొట్టిన. "కోడలు ఎట్లున్నదిరా?"

"ఏం లేదమ్మా, జర కడుపుల మంట అంటుంది. పండుకున్నది. నువ్వేం పరేషాన్ గాకు."

"నువ్వు తిన్నవారా అవి?"

"అమ్మా, ఏమేసినవే అండ్ల?" అని మెల్లగ అడిగిండు. నేను ఫోన్ పెట్టేసిన.

ఆదివారం పొద్దుగాల మల్ల మెట్రో ఎక్కిన. కడుపుతోని ఉన్న పిల్ల కాడికి ఒట్టి చేతులతోని పోవద్దని దానిమ్మ పండ్లు కొన్న. అవి ఒళ్లె పెట్టుకోని తల ఒంచుకోని కూసున్న. పక్కనోళ్లు ఏమన్న అడుగుతరేమో అని భయం. లిఫ్టుల ఎక్కలె, మెట్లు ఎక్కిన, జర ఆలస్యంగ పోవచ్చని.

తలుపు తీసింది వియ్యపురాలే. నేను చెప్పుకుందామని దారి పొడుగున మాటలు కూడబెట్టుకున్న, ఒక్కటి యాదికి రాలె.

"వదినా, మా ఇంటాయన సబ్బు అన్నడు" అన్న. గంతే వచ్చింది నోట్లకెల్లి.

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది. ఆగుతదనుకున్న, ఆగలె. "సబ్బు కాదండీ వదినగారూ, నాకైతే మా నాన్నగారి పళ్ళపొడి గుర్తొచ్చింది" అని పక్కున నవ్వింది. నవ్వి మల్ల, "అయ్యో, ఏమనుకోకండి" అని నా చెయ్యి పట్టుకున్నది. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండు ఒక్కసారే వచ్చినయి. బేకింగ్ పౌడర్ ఏరే, సోడ ఏరే అని ఆమెనే చెప్పింది. ఆమె గూడ కొత్తల గిట్లనే ఒకసారి చేసిందంట. నిజమో, నన్ను ఊకోబెట్టనీకి అన్నదో తెల్వదు.

కోడలు లోపలి అర్రల మంచం మీద కూసున్నది. పోయి పక్కన కూసున్న. "ఎందుకు తిన్నవ్ బిడ్డా? ఉమ్మేస్తె అయిపోయేది గదా. ఎవరు కొడ్తరు నిన్ను?"

"మీరు నిలబడి చూస్తున్నారు కదా అత్తయ్యా" అన్నది.

"ఏంటే ఆ మాట?" అని తల్లి గడప కాడ నుంచి గదిరించింది.

"చెప్పనివ్వు అమ్మా" అని పిల్ల నా దిక్కు తిరిగింది. "అక్కడ కూడా అంతే అత్తయ్యా. నేనొక్కదాన్నే కూర్చుంటాను. మీరు పక్కనే నిలబడి ప్రతి ముద్దా చూస్తారు. మిగిలిస్తే మీ ముఖం వాడిపోతుంది. వాంతి వస్తున్నా మింగేదాన్ని. తర్వాత బాత్రూంలో కుళాయి తిప్పి కక్కేదాన్ని. అందుకే పొద్దున్నే ఆకలి లేదని చెప్పడం మొదలుపెట్టాను. మీరు మంచివారే. నాకే భయం."

కూసున్నోళ్లకు పెట్టి, పక్కన నిలవడి, ఇంకింత ఇంకింత అని ఒడ్డిచ్చి, అందరు తిన్నంక మిగిలింది తిన్న దాన్ని. మా అమ్మ గూడ గట్లనే. మా అత్త ముంగట కూసోని నేను ఎన్నడు తినలె. నిలవడుడే మర్యాద అనుకున్న, ప్రేమ గూడ గదే అనుకున్న. ఆ పిల్లకు అది పోలీసోని లెక్క అనిపించిందని నాకు ఎట్ల తెలుస్తది? కుళాయి సప్పుడు నాకు యాదికున్నది. నీళ్లు ఎందుకింత ఇడుస్తుంది ఈ పిల్ల, ట్యాంకు అయిపోతది అని లోపల్లోపల తిట్టుకున్న దాన్ని నేనే.

మా పిలగాడు మందులు తేనీకి బయటికి పోయిండు. వియ్యపురాలు ముగ్గురికి ఇడ్లి పెట్టింది. "ఇవాళ ఆదివారం, ఉపవాసం లేదు కదా, కూర్చోండి" అన్నది. వియ్యపురాలి ఇంట్ల కూసోని తినుడు నాకు అలవాటు లేదు. చేతులు ఎట్ల పెట్టాల్నో తెల్వలె. వాళ్లు చెంచతోని తింటున్నరు, నేను చేతితోని తిన్న. అల్లం పచ్చడి గూడ ఏసింది నా పళ్లెంల. కావాల్నని ఏసిందో, అలవాటుగ ఏసిందో. మొత్తం తిన్న. మంచిగున్నది.

"వదినా, నిన్న నేను ఈ పచ్చడిని..." అని మొదలుపెట్టిన.

"ఏం పచ్చడండీ? నాకేం గుర్తులేదు" అన్నదామె, ఇంకో చెంచ ఏసుకుంట. మల్ల చెప్పనీకి నాకు ధైర్యం రాలె. ఆ మాట గట్లనే ఉండిపోయింది, ఇయ్యాల్టి దాంక.

కోడలు తింటుంటె చూడొద్దని కిటికీ దిక్కు చూసిన. ఎదురు హాస్టల్ల పిల్లలు తువ్వాలలు ఆరేస్తున్నరు. ఎప్పుడొస్తవ్ బిడ్డా అని అడగబుద్ధయింది, నాలిక చివరికొచ్చింది. అడగలె. ఆమెనే అన్నది, "ఇంకా కొన్నాళ్ళు ఇక్కడే ఉంటానండీ" అని.

"ఉండు బిడ్డా" అన్న. ఇంటికొచ్చినంక కింది పోర్షన్ ఆమె మల్ల అడిగింది. పిల్లలు ఇప్పుడే రారు అని సీద చెప్పిన. ఆమె బిందె ఎత్తుకోని పోయింది.

అటెన్క వారంల రెండు మూడు సార్లు పొద్దుగాల దిల్‌సుఖ్‌నగర్ పోయేదాన్ని. వియ్యపురాలు దుకాణంల నాతోనే అడిగించింది, బేకింగ్ పౌడర్ అని. ఎవరు నవ్వలె. ఇద్దరం కలిసి ఆమె ఇంట్లనే చేసినం. మొదటిది తీసి నడుమకు తుంపి, సగం ఆమె, సగం నేను నోట్లె ఏసుకున్నం. ఎంగిలి అని మనసుల మెదిలింది, అయినా ఏసుకున్న.

అయిదో నెల పడ్డంక ఒక బుధవారం కోడలు తనంత తానే ఆటోల వచ్చింది, సంచితోని. ఎన్ని దినాలు ఉంటవని నేను అడగలె. తెల్లారి పొద్దుగాల, తండ్రి కొడుకులు డ్యూటీకి పోయినంక, మఫిన్లు చేసిన. కింద చాప ఏసుకోని ఇద్దరం ఎదురుబదురు కూసున్నం. చాయ్ తేనీకని నేను మధ్యల లేవబోయిన, కూర్చోండి అత్తయ్యా అన్నది. కూసున్న. నేను నా పళ్లెంనే చూసుకుంట తింటున్న.

సగం తిన్నంక ఆ పిల్ల పళ్లెం పక్కకు జరిపింది.

"చాలండీ అత్తయ్యా."

నా ఇంట్ల ఆ మాట ఆమె అంతకుముందు ఎన్నడు అనలె. ఇంకింత తిను అనేది నా నోటిదాంక వచ్చింది. మింగేసిన.

"సరే బిడ్డా" అన్న.